బ్రెజిల్‌లో జాతీయ ఎన్నికలు ఎలా జరుగుతాయి? పదహారంకెల ఓటు గురించి నేను చూసినది

“బ్రెజిల్‌లో ఓటు వేయకపోతే జరిమానా వేస్తారట, ఫలితం ఆ రాత్రికే తేలిపోతుందట, నిజమేనా? అసలు అక్కడ ఎన్నికలు ఎలా జరుగుతాయి?” అని అడిగారు. రెండూ నిజమే. ఒక మందుల కంపెనీ ఉద్యోగం మీద నేను సావో పాలో రాష్ట్రంలోని కాంపినాస్ నగరంలో ఆరేళ్ళు ఉన్నాను. 2018, 2022 ఎన్నికలు రెండింటినీ అక్కడే చూశాను. విదేశీయుడిని కనుక నాకు ఓటు లేదు. అయితే 2022లో మా ఇంటి యజమానురాలికి తోడుగా పోలింగు కేంద్రం దాకా వెళ్ళడంతో, అంతవరకు పత్రికల్లో చదివినదంతా కళ్ళారా చూసే అవకాశం కలిగింది.

నాలుగేళ్ళకొకసారి, అక్టోబరు మొదటి ఆదివారం, దేశమంతటా ఒకే రోజున పోలింగు జరుగుతుంది. మనకు ఎంపీల బలాన్ని బట్టి ప్రధాని వస్తారు. అక్కడ అధ్యక్షుడిని ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. చెల్లిన ఓట్లలో సగానికి మించి ఎవరికీ రాకపోతే, మొదటి ఇద్దరి మధ్య అదే నెల చివరి ఆదివారం రెండో విడత పెడతారు. 2022 మొదటి విడతలో మాజీ అధ్యక్షుడు లూలాకు 48.43 శాతం, అప్పటి అధ్యక్షుడు బోల్సొనారోకు 43.20 శాతం వచ్చాయి. రెండో విడతలో లూలా 50.90 శాతంతో గెలిచారు. 15.6 కోట్ల మంది ఓటర్లున్న దేశంలో ఆ తేడా సుమారు 21 లక్షల ఓట్లే.

అక్టోబరు 2 ఉదయం మేము వెళ్ళిన బడి ముందు నేల కనిపించనంతగా అభ్యర్థుల చిన్న కరపత్రాలు పరచుకుని ఉన్నాయి. రాత్రికి రాత్రే ఎవరో చల్లిపోతారు. చట్టం ఒప్పుకోకపోయినా ఆ అలవాటు పోలేదు. ఒక్కొక్క దాని మీద ఒక ముఖం, దాని కింద పేరు కంటే పెద్ద అక్షరాలలో ఒక అంకె. అక్కడ ఓటు అంటే అంకెయే. వాళ్ళ యంత్రం మీద మన ఈవీఎంలోలాగా పేర్ల వరుస, గుర్తులు ఉండవు; పాతకాలపు టెలిఫోను మీద ఉన్నట్టు అంకెల మీటలు, వాటి కింద తెలుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో మూడు పెద్ద మీటలు ఉంటాయి. తెలుపు నొక్కితే ఖాళీ ఓటు, నారింజ నొక్కితే దిద్దుబాటు. అంకె కొట్టగానే తెర మీద అభ్యర్థి ఫొటో వస్తుంది, సరిచూసుకుని ఆకుపచ్చ నొక్కాలి.

ఆ రోజు ఫెడరల్ డిప్యూటీకి (మన లోక్‌సభ ఎంపీ లాంటివారు) నాలుగంకెలు, రాష్ట్ర డిప్యూటీకి (మన ఎమ్మెల్యే లాంటివారు) ఐదు, ఎగువ సభలోని సెనేటరుకు మూడు, మన ముఖ్యమంత్రిలా రాష్ట్రాన్ని పాలించే గవర్నరుకు రెండు, అధ్యక్షుడికి రెండు, మొత్తం పదహారు అంకెలు కొట్టాలి. అందుకే ప్రతివారూ ఒక చీటీ రాసుకుని వెళతారు. దాన్ని ‘కోలా’ అంటారు. పరీక్షలో దాచుకునే కాపీ చీటీకీ అదే పేరు. ఫోను లోపలికి రానివ్వరు, ఈ కాగితానికి మాత్రం అభ్యంతరం లేదు. మా యజమానురాలు చేతిసంచిలోంచి ఆ మడత కాగితం తీసి, వరుసలో నిలుచున్నంతసేపూ పెదవులు కదుపుతూ చదువుకున్నారు.

ఆవిడకు అప్పుడు 75 ఏళ్ళు. ఓటు 18 నుంచి 70 ఏళ్ళ వారికే తప్పనిసరి. 16, 17 ఏళ్ళ వారికీ, 70 దాటినవారికీ, నిరక్షరాస్యులకూ ఐచ్ఛికం. మరి ఎందుకు వచ్చారని అడిగాను. “అధ్యక్షుడి కోసం మొదటిసారి ఓటు వేసేనాటికి నాకు 42 ఏళ్ళు నాయనా” అన్నారు. 1964 నుంచి 1985 దాకా సాగిన సైనిక పాలన కారణంగా, 1960 తరువాత మళ్ళీ ప్రజలు నేరుగా అధ్యక్షుడిని ఎన్నుకున్నది 1989లోనే. నేను ఆ తేదీలు చదివినవాడినే, కానీ ఆ మాట విన్నాక గానీ వాటి బరువు తెలియలేదు.

జరిమానా విషయానికొస్తే, అది సాధారణంగా విడతకు బ్రెజిల్ డబ్బులో 3.51 రియాళ్ళు, మన డబ్బులో సుమారు అరవై రూపాయలే. అసలు ఇబ్బంది వేరే ఉంది: కారణం చూపకుండా, జరిమానా కట్టకుండా ఉంటే పాస్‌పోర్టు రాదు, ప్రభుత్వ ఉద్యోగంలో చేరనివ్వరు, వరుసగా మూడు విడతలు అలా గడిస్తే ఓటరు నమోదే రద్దవుతుంది. అయినా 2022లో ఐదుగురిలో ఒకరు ఓటు వేయలేదు.

పార్లమెంటు దిగువ సభలోని 513 స్థానాల లెక్క ఓటర్లకే సరిగా అర్థం కాదని నా అభిప్రాయం. మనలాగా నియోజకవర్గాలు ఉండవు. 70 స్థానాలున్న సావో పాలో రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం. ముందుగా పార్టీకి, దాని అభ్యర్థులందరికీ కలిపి వచ్చిన మొత్తం ఓట్లను బట్టి స్థానాలు పంచి, ఆ పార్టీలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఇస్తారు. 2010లో తిరిరికా అనే సర్కస్ విదూషకుడికి 13 లక్షలకు పైగా ఓట్లు పడితే, ఆయన కూటమిలో తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థులు కొందరు ఆ బలంతోనే సభకు చేరారు. ఆ తరువాత సొంత ఓట్లకు ఒక కనీస పరిమితి పెట్టారు.

ఎన్నికలను నడిపేదీ, వివాదాలను తీర్చేదీ 1932లో ఏర్పడిన ఎన్నికల న్యాయవ్యవస్థే. పోలింగుకు ముందు ప్రతి యంత్రం నుంచి అన్నీ సున్నాలే ఉన్న కాగితం ముద్రిస్తారు. సాయంత్రం 5 గంటలకు ముగియగానే ఎవరికెన్ని పడ్డాయో అదే యంత్రం ముద్రిస్తుంది, దాన్ని గది తలుపుకు అంటిస్తారు. సాయంత్రం మళ్ళీ వెళ్ళి మా యజమానురాలి గది తలుపు మీది కాగితాన్ని ఫొటో తీసుకుని, రాత్రి ఎన్నికల న్యాయస్థానం వెబ్‌సైటులో అదే గది లెక్కతో పోల్చాను. అంకెకు అంకె సరిపోయింది. మన వీవీప్యాట్ లాంటి చీటీ అక్కడ లేదు. ఓటును ముద్రించాలన్న రాజ్యాంగ సవరణకు 308 ఓట్లు కావలసి ఉండగా, 2021 ఆగస్టులో దిగువ సభలో 229 మాత్రమే వచ్చాయి. ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది, కానీ తలుపు మీది ఆ కాగితం విలువ తక్కువదని మాత్రం అనలేను.

అక్టోబరు 30న రెండో విడతకు కూడా ఇద్దరం వెళ్ళాం. సావో పాలోలో గవర్నరు పదవికి కూడా మొదటి విడతలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాలేదు కనుక గవర్నరుకు రెండు, అధ్యక్షుడికి రెండు, నాలుగంకెలే కొట్టాలి. ఈసారి ఆవిడ చీటీ తెచ్చుకోలేదు.