పిల్ల వదిలే ముందు నీళ్ల సంగతి

చిరంజీవి రమణకు,
బద్వేలు నుంచి మీ చిన్నాయన ఆశీస్సులు.

ముత్తుకూరు పక్క వనామీ రొయ్యల గుంట లీజుకు తీసుకున్నావని వదిన చెప్పింది. మన మెట్టచేలో పైరుకు దెబ్బ తగిలితే ఆకు చూస్తే తెలుస్తుంది. రొయ్య అడుగున ఉంటుంది నాయనా, అది గట్టు పక్కకొచ్చి తేలేసరికే ఆలస్యమైపోతుంది. అందుకే ముందు నీళ్లు చూడాల.

తెల్లారకముందే, నాలుగైదు గంటల మధ్య, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు పట్టుకొని నువ్వే పో. పనోళ్లకు వదలొద్దు. పగలు ఎండకు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రిపూట దాన్ని పీల్చేసుకుంటుంది, కాబట్టి ఆ వేళకే బాగా పడిపోతుంది. మీటరు పైపైన ముంచితే లాభం లేదు, అడుక్కు జానెడు ఎత్తులో చూడు. 4 పీపీఎంకు తగ్గనీయొద్దు, 5 ఉంటే మంచిది. 4 కంటే దిగితే రొయ్య మేత తగ్గిస్తుంది, నీరసపడి విబ్రియో అనే బ్యాక్టీరియా రోగానికి లొంగుతుంది. డీజిల్ ఆదా అని రాత్రిళ్లు నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆపమనే మాట ఎవరు చెప్పినా వినొద్దు.

అమ్మోనియా మాత్రం మధ్యాహ్నం చూసుకో, పీహెచ్‌తో కలిపి. పీహెచ్ 8 నుంచి 9కి ఎక్కితే అమ్మోనియా అంతే ఉన్నా, అందులో విషపు భాగం ఐదారింతలవుతుంది. అది పుట్టేది చాలావరకు మేత నుంచే. మేత తిన్నాయో లేదో చూసేందుకు గుంటలో దించే చెక్ ట్రేలో మేత మిగిలిందంటే ఆ పూటే తగ్గించు. షాపువాళ్లు చెప్పారని యాంటీబయాటిక్ పోయడం నాకు అస్సలు ఇష్టం లేదు. నీళ్లు బాగుపడవు, పైగా రొయ్యలో దాని అవశేషాలు దొరికితే ఎగుమతిలో సరుకు వెనక్కొస్తుంది.

కార్తీకంలో తుపాను వానలు పడితే మంచినీళ్లు పైన తేలతాయి, నీళ్లలో ఉప్పదనం తగ్గిపోతుంది. పైనీళ్లు తూము గుండా వదిలెయ్, ఏరియేటర్లు తిప్పు, మేత తగ్గించు.

నీది బోరు నీళ్లంట కదా, నాకు అదే టెన్షన్. ఉప్పగా ఉంటే చాలదు. సముద్రంలో సోడియం 28 పాళ్లుంటే పొటాషియం ఒక పాలుంటుంది. బోరు నీళ్లలో ఆ పొటాషియమే తక్కువ పడుతుంది. అప్పుడు రొయ్య ఒంట్లో ఉప్పు, నీళ్ల తూకం తప్పి, నీరసపడి చచ్చిపోతుంది. ల్యాబ్‌లో పొటాషియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ (క్షారగుణం) మూడూ చూపించి, రిపోర్టు నాకు వాట్సాప్‌లో పెట్టు. అది చూసి నేను ఫోన్ చేసేదాకా రొయ్యపిల్లల సీడ్‌కు అడ్వాన్స్ కట్టొద్దు.

మీ చిన్నాయన