హైజంప్‌లో ఇద్దరూ ఒకే ఎత్తు దూకితే స్వర్ణం ఎవరికి?

ఆ చివరి ఎత్తును తక్కువ ప్రయత్నాల్లో దాటినవాళ్లకే. అండర్-18 మీట్ అయినా ఒలింపిక్స్ అయినా రూలు ఇదే. స్కోరు షీటులో దాటితే సున్నా, బార్ పడితే ఇంటూ, వదిలేస్తే గీత పెడతారు. చివరి ఎత్తు దగ్గర కూడా సమానమైతే, అక్కడి వరకు ఎవరికి ఇంటూలు తక్కువో చూస్తారు. ఒక్కో ఎత్తుకు మూడే ఛాన్సులు కాబట్టి, తడబడకుండా దూకినవాళ్లకే మొగ్గు.

2017లో నైరోబీ అండర్-18 ప్రపంచ పోటీల్లో గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి మహుచిక్‌నే తీసుకోండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె, ఆస్ట్రేలియాకు చెందిన ఒలిస్లాగర్స్ ఇద్దరూ 2.00 మీటర్లు దాటారు. మహుచిక్ మొదటి ప్రయత్నంలోనే దాటింది, స్వర్ణం ఆమెదే. అదే పోటీలో 1.95 దగ్గర లెక్కలన్నీ సమానమైన ఇద్దరికి కాంస్యం పంచారు.

చాలామంది పొరబడేది ఇక్కడే: చివరిగా దాటిన ఎత్తు తర్వాతి ఎత్తులో పడిన మూడు ఇంటూలు ఈ లెక్కలోకి రావు. గీత కూడా ఫెయిల్ కాదు. ఇక లెక్కలన్నీ సమానమైతే ఒక్కో జంప్‌తో తేల్చే జంప్-ఆఫ్ మొదటి స్థానానికి మాత్రమే. ఇద్దరూ పడగొడితే బార్ 2 సెం.మీ. దించుతారు, ఇద్దరూ దాటితే అంతే పెంచుతారు.