యాప్‌లో రిస్క్ టెస్ట్ పెడితే నేను 'అగ్రెసివ్' (రిస్క్‌కి భయపడని మనిషి) అని వచ్చింది, డబ్బంతా వెరీ హై రిస్క్ ఫండ్స్‌లో పెట్టేయవచ్చా?

మీరు రాసిన వివరాల్లో అసలు విషయం చివరి వాక్యంలో ఉంది: రెండేళ్లలో చెల్లెలి పెళ్లి. పెళ్లికి దాచేదీ, రిటైర్మెంట్‌కి దాచేదీ కలిపి నెలకు 20 వేలు ఒకే స్మాల్ క్యాప్ ఫండ్‌లో (చిన్న కంపెనీల షేర్లలో పెట్టే ఫండ్) వేస్తున్నారు. దయచేసి ముందు ఆ రెండూ విడదీయండి.

మా అన్నయ్య మార్కెట్ పడితే భయపడే మనిషి కాదు. ఏ టెస్ట్ పెట్టినా అగ్రెసివ్ అనే వస్తుంది. 2020 ఏప్రిల్‌లో ప్లాట్ రిజిస్ట్రేషన్‌కి కట్టాల్సిన డబ్బు కూడా నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఇండెక్స్ ఫండ్‌లోనే ఉంచాడు. జనవరిలో 12,362 దగ్గరున్న నిఫ్టీ మార్చి 23కి 7,610కి దిగింది. పది లక్షలు కాస్తా ఆరు లక్షల చిల్లర అయింది. నవంబరుకల్లా సూచీ మళ్లీ పాత స్థాయికి వచ్చింది, కానీ ప్లాటు అమ్మేవాళ్లు అన్నాళ్లు ఆగరు కదా, నష్టానికే ఫండ్ అమ్మాడు. నా డబ్బూ ఆ ఫండ్‌లోనే ఉంది. దానితో నాకప్పుడు అవసరం లేదు కాబట్టి కదపలేదు. ధైర్యం మాత్రం ఇప్పటికీ నాకంటే తనకే ఎక్కువ.

ఇక ఫండ్‌లో రిస్క్ ఎంతుందో చూపే సెబీ రిస్కోమీటర్. 2021 నుంచి అందులో 'లో' (తక్కువ) మొదలుకొని 'వెరీ హై' వరకు ఆరు మెట్లున్నాయి. నెలనెలా లెక్కగడతారు, మెట్టు మారితే ఫండ్ కంపెనీ మీకు మెయిలో మెసేజో పంపాలి. డెట్ ఫండ్ (బాండ్లలో పెట్టేది) ఎంచుకునేటప్పుడు తప్పకుండా చూడండి. ఈక్విటీ (షేర్ల) ఫండ్స్‌లో మాత్రం దాదాపు అన్నీ వెరీ హైలోనే ఉంటాయి. నిఫ్టీ ఫండూ, స్మాల్ క్యాప్ ఫండూ అక్కడ ఒకేలా కనిపిస్తాయి, పడేటప్పుడు మాత్రం ఒకేలా పడవు. 2018లో నిఫ్టీ కాస్త పెరిగితే, స్మాల్ క్యాప్ సూచీలు 20 శాతానికి పైగా పడ్డాయి.

అందుకే రిటైర్మెంట్ డబ్బు గురించి ఆలోచించేటప్పుడు శాతాలు పక్కన పెట్టి రూపాయల్లో లెక్క చూసుకోండి. మీకు ఇప్పుడున్న 6 లక్షలు ఒకరోజు పొద్దున్నే ఫోన్‌లో మూడున్నర లక్షలని కనిపిస్తే సిప్ (నెలనెలా వేసే వాయిదా) ఆపకుండా ఉండగలరా? ఇంట్లో మీ ఆవిడను కూడా అడగండి, ఆ టెన్షన్ ఇద్దరిదీ. ఉండగలమనుకుంటే కొంత స్మాల్ క్యాప్‌లో ఉంచండి. సందేహంగా ఉంటే మార్కెట్ బాగున్నప్పుడే లార్జ్ క్యాప్ ఇండెక్స్‌కి మారండి.

పెళ్లి డబ్బుకి లిక్విడ్ ఫండో, బ్యాంకులో ఆర్‌డీయో చాలు. స్మాల్ క్యాప్ ఫండ్ నుంచి ఆ డబ్బు తీసేటప్పుడు, కొని ఏడాది దాటిన యూనిట్లు ఎన్నో చూసుకోండి. సిప్‌లో ప్రతి వాయిదాకీ ఏడాది విడిగా లెక్క. చాలా ఫండ్స్‌లో ఏడాదిలోపు తీస్తే ఎగ్జిట్ లోడ్ అనే రుసుము పడుతుంది. దాటిన యూనిట్ల మీద వచ్చే లాభానికి, ఇప్పుడున్న రూల్స్ ప్రకారం, ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకు పన్ను లేదు.