ఇనుము, ఎనుము, ఇనుమడి

సందేహం: అయ్యా, నమస్కారం. నేను చిత్తూరులో హైస్కూల్ సైన్స్ టీచర్‌ని. పిల్లల గోడపత్రికకు సముద్రపు నీటిలో ఇనుము గురించి చిన్న వ్యాసం రాస్తూ, "లోహం చల్లగానే ప్లవకాల పెరుగుదల ఇనుమడించింది, గాలిలోని కర్బనం సముద్రగర్భంలో నిల్వ అయింది" అన్నాను. 'ఇనుమడించు' అనే మాట ఇనుము నుంచే పుట్టిందని, ఇనుములా గట్టిపడటం దాని అర్థమని, నీళ్లలో తేలే సూక్ష్మ మొక్కల్లాంటి ప్లవకాలకు అది నప్పదని మా స్టాఫ్‌లో ఒకరు కొట్టేశారు. ఇంకొకరేమో ఇనుము వల్లే పెరిగింది కనుక ఇంతకంటే మంచి మాట దొరకదన్నారు. ఎవరిది ఒప్పు? 'లోహం' అనవచ్చా? మరోచోట 'ఇనుము ధూళి' అని కూడా రాశాను. అదీ చూడగలరు.
– ఒక ఉపాధ్యాయిని, చిత్తూరు

సమాధానం: అమ్మా, ఇద్దరిదీ తప్పే. ఒకరు మాటను తప్పుగా విడదీసి కొట్టేశారు, ఇంకొకరు అదే తప్పు విడదీతను పట్టుకుని మెచ్చుకున్నారు. ఇనుమడికి ఇనుముతో చుట్టరికం లేదు. అది ఇరు + మడి. అంటే రెండు మడతలు, రెట్టింపు. ముమ్మడి, నలుమడి, పదిమడి, నూరుమడి దాని తోబుట్టువులు. కుప్పం దాటి కోలారు వైపు వెళితే 'ఇమ్మడి' అంటారు. ఇమ్మడి పులకేశి అంటే రెండో పులకేశి, గట్టి పులకేశి కాదు. అరవంలో ఇరుమడి. శబరిమలకు వెళ్లే స్వాములు నెత్తిన పెట్టుకునే ఇరుముడిలో ఉన్నదీ ఈ 'ఇరు'వే. అక్కడ ముడులు రెండు, ఇక్కడ మడతలు రెండు. (ఇనుడు అంటే సూర్యుడు, సంస్కృతం. ప్లవకాలకు ఆయనతో పని ఉంది కానీ మన తగాదాలో ఆయన లేడు.)

మరి 'ఇరు' కాస్తా 'ఇను' ఎందుకైంది? ఈ ప్రశ్న మీరు అడగలేదు. అయినా అసలు రుచి ఇందులోనే ఉంది.

చిత్తూరులో ఉండేవారికి మూడు భాషలు చెవిన పడుతూనే ఉంటాయి కాబట్టి ఇది సులభంగా అర్థమవుతుంది. అరవం వాళ్లు ఇనుమును 'ఇరుంబు' అంటారు. మనది 'ఇనుము'. వాళ్లు గేదెను 'ఎరుమై' అంటారు. మనది 'ఎనుము'. వాళ్లది 'ఇరుమడి', మనది 'ఇనుమడి'. మూడింటా వాళ్లకు 'రు' ఉన్నచోట మనకు 'ను' ఉంది. మూడింటా ఆ వెనకే ముక్కుతో పలికే మకారం ఉంది. ఆ మకారమే తన ముందున్న రేఫను కూడా ముక్కులోకి లాక్కుంది. కన్నడిగులు ఇంకో అడుగు ముందుకేసి ఆ రేఫను పూర్తిగా మింగేసి 'ఎమ్మె', 'ఇమ్మడి' అన్నారు. ఇనుముకు మాత్రం వాళ్లు 'కబ్బిణ' అని వేరే మాట పెట్టుకున్నారు. అందులో నలుపు అనే అర్థం ఉంది.

అంటే ఇనుము, ఇనుమడి పుట్టుకతో బంధువులు కావు. ఒకే ధ్వని మార్పుకు లోనై ఒకే పోలిక తెచ్చుకున్నాయి. మీ స్టాఫ్‌లో ఇద్దరూ మోసపోయింది ఈ పోలిక చూసే. ఇది ఎక్కడా తప్పని సూత్రం అని నేననను, ధోరణి అంటాను. ఇరుముడి మనకు అయ్యప్ప దీక్షతో పాటు దక్షిణాది నుంచి రేఫతో సహా వచ్చింది కనుక మారలేదు.

ఎనుము మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన పల్లెల్లో పాలిచ్చేది ఎనుమే, వీధిలో అడ్డంగా నిలబడేది ఎనుబోతే. పిల్లవాడు పరీక్షలో 'ఎనుము' అని రాస్తే యాస అని కొట్టేసి 'గేదె' అని దిద్దే టీచర్లను చూశాను. ఎరుమైకి, ఎమ్మెకు సరిజోడుగా నిలిచిన పాత తెలుగు మాట అది. దాన్ని దిద్దడానికి ఎర్ర సిరా ఖర్చు చేయకండి.

ఇప్పుడు వేమన్న దగ్గరికి రండి. "ఇనుము విరిగెనేని ఇరుమారు ముమ్మారు" అనే పాదం రాని తెలుగువాడు ఉండడు. విరిగిన ఇనుమును రెండుసార్లో మూడుసార్లో కాచి అతకవచ్చు, మనసు విరిగితే అతకదు అంటాడు. మనందరం ఆ నీతిని పట్టుకుని పాదాన్ని వదిలేశాం. ఒక్కసారి పాదాన్ని చూడండి. ఇనుమూ, రెండు అనే 'ఇరు'వూ ఒకే పాదంలో యతిస్థానాల్లో ఎదురెదురుగా కూర్చున్నాయి. 'ఇరుమారు' అనే పాఠం ఉంది, 'ఇనుమారు' అనే పాఠమూ వినిపిస్తుంది. గణాలు రెండింటికీ ఒకటే. యతికి ఇకారం చాలు. కనుక ఛందస్సు ఏ పాఠానికీ తీర్పు చెప్పదు. నా మొగ్గు మాత్రం ఇనుమారు వైపే. కొలిమి దగ్గర నిలబడి కమ్మరి పని చూసినవాడిలా ఆయన 'కాచి అతకడం' అన్నాడే కానీ 'కరిగించి' అనలేదు. అంత పలుకుబడి తెలిసినవాడి నోట 'ఇనుము... ఇనుమారు' అని ఒకే చప్పుడు రెండుసార్లు మోగడం సహజంగా తోస్తుంది. పక్కపక్కన మోగినా అర్థాలు వేరని ఆయనకు తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. మనకే అనుమానం వచ్చింది.

ఇనుమడి ఇనుము నుంచి రాలేదనడానికి ఇంకో రుజువు మీ 'ఇనుము ధూళి'లోనే ఉంది. అరవం పాంబు మనకు పాము. కానీ మా శేషాచలం కొండకు పేరిచ్చిన ఆదిశేషుణ్ని కవులు 'పాపఱేడు' అన్నారు, పామురేడు అనలేదు. వేంబు మనకు వేము. కానీ చెట్టు వేపచెట్టు. ఇరుంబు మనకు ఇనుము. కానీ గొలుసు ఇనుప గొలుసు. అరవంలోని ఆ పవర్గపు హల్లు మనకు ప్రథమలో జారిపోయి, మరో మాటకు ముందు చేరే రూపంలో 'ప'గా దాక్కుంది. ఇనుమడిలో మొదటి మాట ఇనుమే అయితే అది 'ఇనుపమడి' కావలసింది. అలాంటి మడి ఉంటే వరి పండదు.

అందుకే 'ఇనుము ధూళి' కాదు, 'ఇనుప ధూళి'. ఈమధ్య 'ఇనుము గేటు', 'ఇనుము కుర్చీ' అని బోర్డుల మీద కూడా చూస్తున్నాను. రేపు 'వేము ఆకు' అంటారేమో! అయితే 'ఇనుము లోపం' అన్నప్పుడు నేను తగాదా పెట్టుకోను. 'ఇనుప లోపం' అంటే లోపమే ఇనుముతో చేసినట్టు వినిపిస్తుంది. వస్తువు దేనితో అయిందో చెప్పేచోట 'ఇనుప' తప్పనిసరి. దేని విషయమో చెప్పేచోట వాడుక రెండు రకాలుగానూ ఉంది. 'ఇనుప ఖనిజం' అనేవాళ్లు 'ఇనుప లోపం' అనరు. ఎందుకనరో వ్యాకరణం చెప్పదు, చెవి చెబుతుంది.

మీ విషయంలో అసలు కథంతా ఇనుప ఓడ దగ్గరే మొదలైంది. భూమి పైపొరలో బరువు లెక్కన నూటికి ఐదు పాళ్ల దాకా ఇనుమే. అయినా నడిసముద్రం పైనీటిలో అది లేశమాత్రం. ప్రాణవాయువు ఉన్న నీటిలో ఇనుము తుప్పుగా మారి అడుగుకు దిగిపోతుంది. ఆ లేశాన్ని కొలవడానికి ఇనుప ఓడలో, ఇనుప తాళ్లతో వెళితే, నీటి నమూనాలో చేరేది ఓడ తాలూకు ఇనుమే. అందుకే చాలాకాలం లెక్కలు తప్పాయి. కాలిఫోర్నియాలో మాస్ ల్యాండింగ్ సముద్ర పరిశోధనశాలకు చెందిన జాన్ మార్టిన్ బృందం ఓడ మురికి అంటకుండా నీళ్లు పట్టి, 1988లో ఉత్తర పసిఫిక్ గురించి తేల్చి చెప్పింది: నైట్రేటు పుష్కలంగా ఉన్నా ప్లవకాలు పెరగకపోవడానికి కారణం ఇనుము చాలకపోవడమేనని. భూమధ్యరేఖ దగ్గరి పసిఫిక్‌దీ, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రానిదీ ఇదే కథ. "అర ట్యాంకరు ఇనుము ఇవ్వండి, మంచుయుగం తెచ్చిస్తాను" అని ఆయన సగం వేళాకోళంగా అన్న మాట అప్పట్లో మారుమోగింది. ప్లవకాలు బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని పెరుగుతాయి. చచ్చి అడుగుకు దిగితే ఆ కర్బనమూ వాటితో దిగుతుంది. గాలిలో అది తగ్గితే భూమి చల్లబడుతుంది. ఇదీ ఆ మాట వెనకున్న తర్కం.

ఈ తర్కాన్ని పరీక్షించడానికి తర్వాత ఓడవాళ్లు సముద్రంలో చల్లింది ఏమిటో మీ పిల్లలకు చెప్పండి, నవ్వుకుంటారు. అది అన్నభేది. మన చెనిక్కాయ చేలో చిగురాకులు పసుపుపచ్చబడి పాలిపోతే, లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతారే, అదే సరుకు. నిమ్మ ఉప్పు పులుపు ఇనుమును తుప్పు పట్టనీయకుండా ఆకుకు అందేలా ఉంచుతుంది. ఓడలోనూ అన్నభేదిని ఆమ్లం కలిపిన సముద్రపు నీటిలోనే కరిగించి వదిలారు. మీ వ్యాసంలో 'ఫెర్రస్ సల్ఫేట్' అనే మాట ఎంతమందికి ఎక్కుతుందో గానీ, అన్నభేది అంటే పిల్లల నాన్నలకు కూడా తెలుస్తుంది. (ఆ పేరు పుట్టుక పెద్ద కథ, మరోసారి.)

ఇనుమడి మాటకు ఇక్కడ చక్కని సాక్ష్యం ఉంది. 1993 అక్టోబరులో గలపాగోస్ దీవులకు దక్షిణాన 64 చదరపు కిలోమీటర్ల నీటి మీద 440 కిలోలకు అటూఇటూగా ఇనుమును ఇలా వదిలారు. మార్టిన్ ఆ సంవత్సరం జూన్‌లోనే పోయారు, చూడలేదు. ఫలితం ఏమిటంటే, ప్లవకాల రాశి రెట్టింపు, పత్రహరితం మూడు రెట్లు, ఉత్పత్తి నాలుగు రెట్లు. అంటే రాశి ఇనుమడించింది, పత్రహరితం ముమ్మడించింది, ఉత్పత్తి నలుమడించింది. ఇంత సరిగ్గా వరస కుదిరిన చోట మూడింటికీ కలిపి 'ఇనుమడించింది' అని ఒకే మాట వేసేయడం అన్యాయం. పత్రికల్లో 'ఉత్సాహం ఇనుమడించింది' అంటే సరే, ఉత్సాహాన్ని ఎవరూ కొలవరు. 'పది శాతం ఇనుమడించింది' అని రాసినప్పుడే నాకు ఒళ్లు మండుతుంది. పది శాతం పెరిగితే అది పెరిగింది, అంతే. 'ఇబ్బడిముబ్బడి'కీ ఇదే గతి పట్టింది. రెండింతలూ మూడింతలూ అన్న లెక్క పోయి 'బోలెడు' అయి కూర్చుంది.

'నిల్వ అయింది' అన్నారు. ఇక్కడ మీ తెలుగు బాగానే ఉంది, ధీమాయే ఎక్కువైంది. పెరిగిన ప్లవకాల్లో చాలా భాగాన్ని చిన్న జీవాలు తినేస్తాయి. ఆ కర్బనం మళ్లీ పైనీటిలోకే వస్తుంది. 2004లో దక్షిణ సముద్రంలో చేసిన ప్రయోగంలో గాజు పెంకులుండే డయాటమ్‌లు అనే ప్లవకాలు పెరిగి, ఆ రాశిలో సగానికి పైగా వెయ్యి మీటర్ల లోతు దాటి దిగింది. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీవాళ్లు కలిసి అదే సముద్రంలో మరోచోట చేస్తే, ఆ నీటిలో డయాటమ్‌లకు పెంకు కట్టుకునే సిలికా లేదు. పెరిగిన చిన్న ప్లవకాలను తినేవి తినేశాయి, దిగింది కొద్దే. మన భాషలో 'ఎరువు' అంటే పొలానికి వేసేదే కాదు, తిరిగి ఇచ్చేయాల్సిన సొమ్ము కూడా. సముద్రానికి వేసిన ఎరువుకు రెండో అర్థమే ఎక్కువ నప్పేలా ఉంది. 'కొంత లోతుకు దిగింది' అని రాయండి.

ఆ 2009 ప్రయోగం పేరు లోహాఫెక్స్. హిందీలో 'లోహా' అంటే ఇనుము, అందుకని ఆ పేరు. తెలుగులో లోహం అంటే ఇనుమూ లోహమే, రాగీ లోహమే, బంగారమూ లోహమే. కపిలతీర్థంలో అభిషేకం జరిగేటప్పుడు చమకం వినండి. హిరణ్యం, అయస్సు, సీసం, త్రపు, శ్యామం, లోహం అని వరసగా అడుగుతారు. అందులో నల్లనిదైన శ్యామం ఇనుము, ఎర్రనిదైన లోహం రాగి. లోహితం, రుధిరం ఆ ఎరుపు ఇంటివే. రాగితో మొదలై సంస్కృతంలో ఇనుము దాకా వచ్చి, తెలుగులో అన్నింటికీ ఉమ్మడి పేరైంది. అయితే భర్తృహరి 'సంతప్తాయసి' అన్న చోట ఏనుగు లక్ష్మణకవి "నీరము తప్తలోహమున నిల్చి" అని ఇనుముకే వాడాడు. ఆయుర్వేదంలో లోహభస్మమూ ఇనుముదే. కనుక తప్పని కొట్టేయలేను. పద్యంలో, మందులో చెల్లుతుంది. సైన్సు వ్యాసంలో ఏ లోహమని పిల్లలు అడగకముందే 'ఇనుము' అనేయడం మేలు.

మీ వాక్యం 1993 ప్రయోగం గురించే అయితే ఇలా ఉండవచ్చు: "నీటిలో ఇనుము కలిపాక ప్లవకాల రాశి ఇనుమడించింది, పత్రహరితం ముమ్మడించింది." 1995లో అదే సముద్రంలో చేసిన రెండో ప్రయోగం గురించైతే ఈ మాట చాలదు. అప్పుడు పత్రహరితం ఇరవై రెట్లకు పైగా పెరిగింది. దానికి 'ఇరవైమడి' అని రాసినా నాకు అభ్యంతరం లేదు. మీ స్టాఫ్‌రూమ్‌లో ఒప్పుకుంటారో లేదో మరి.