ఆ కోడి సంగతి రాయి

చిక్కడపల్లి, హైదరాబాద్
డిసెంబర్ 2025

బిడ్డా,

నువ్వు పంపిన మూడు నివాళులూ అందాయి. జులైలో కోట శ్రీనివాసరావు గారి మీద రాసింది, నవంబర్ 10న అందెశ్రీ పోయినప్పుడు రాసింది, అదే నెలలో ధర్మేంద్ర మీద రాసింది. జవాబు ఆలస్యమైంది. కంటి ఆపరేషన్ అయ్యాక పదిహేను రోజులు ఫోన్ ముట్టుకోవద్దన్నారు. ముట్టుకున్నాను గానీ అక్షరాలు కనపడలేదు.

మొహమాటం లేకుండా చెప్తాను. నిన్న సాయంత్రం ఆ మూడింటినీ ప్రింట్ తీయించి, మనుషుల పేర్లూ సినిమాల పేర్లూ పెన్నుతో కొట్టేసి మా ఆవిడ చేతికిచ్చాను. ఏది ఎవరి మీదో చెప్పమన్నాను. సినిమాల సంగతి ఆవిడకు నాకంటే ఎక్కువ తెలుసు. అటూ ఇటూ తిప్పి చూసి, "మూడూ ఒక్కళ్ల మీదేనా?" అంది. 'తీరని లోటు' మూడింటిలోనూ ఉంది. 'ఒక శకం ముగిసింది' రెండింటిలో ఉంది. 'నింగికెగసిన ధ్రువతార' ఒకచోట. ధ్రువతార ఉండేదే నింగిలో కదా, మళ్లీ ఎగరడం ఎందుకో! చిన్నబుచ్చుకోకు, ఇవన్నీ నా చేత్తో నేను రాసినవే. ముప్ఫై ఏళ్లు పేపర్లో పనిచేశాను. తెలుగువాళ్లకు నేను మిగిల్చినన్ని తీరని లోట్లు ఇంకెవరూ మిగిల్చి ఉండరు.

అందెశ్రీ మీద రాసినదే చూడు. పశువులు కాసి, తాపీ పని చేసి, బడి ముఖం చూడకుండా పెరిగిన మనిషి. ఆయన పాట 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైంది. ఇప్పుడు దాన్ని బళ్లలో పిల్లలు నిలబడి పాడుతున్నారు. ఇంత సంగతి చేతిలో ఉండగా నువ్వు 'తెలంగాణ తల్లి ముద్దుబిడ్డ' అని రాసి దులిపేసుకున్నావు. ఆ మాట ఎవరికైనా అతుకుతుంది. మొన్న మా గల్లీలో ఫ్లెక్సీ మీద కార్పొరేటర్ టికెట్ అడుగుతున్న ఒకాయనకు కూడా అతికించారు.

అయితే కోట గారి నివాళి పంపిన రోజు, దానితో పాటు వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పెట్టావు గుర్తుందా? నీకు గుర్తుండకపోవచ్చు, నేను దాచుకున్నాను. నువ్వు రాసింది ఇదీ: "సార్, లేటయింది, సారీ. ఇయ్యాల లష్కర్ బోనాలు కదా, ఇంట్ల కోడి కోసిన్రు. నాన్న ఆటో ఎక్కలే, టీవీ ముందలనే కూసున్నడు. కూర ముట్టలే. నెలాఖరుకు ఇంట్ల పచ్చిపులుసు తప్ప ఏం లేనప్పుడు, ఫ్యాను దిక్కు చూపించి 'కోడి ఆడ యేలాడుతుంది, చూసుకుంట తినుర్రి' అంటడు సార్ మా నాన్న. ఎప్పుడు నవ్విచ్చేటోడు ఇయ్యాల నిజం కోడి ఉంటే తింటలేడు."

బిడ్డా, నివాళి అంటే ఇదే. అటాచ్‌మెంట్‌లో పంపింది కాదు.

ఎందుకంటున్నానో విను. 1987లో వచ్చిన 'అహ నా పెళ్ళంట'లో కోట గారు వేసింది పరమ పీనాసి వేషం. ఇంటి కప్పుకు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే మనిషి. జనం పడీపడీ నవ్వారు. అక్కడ నవ్వు ఎక్కడ పుట్టింది? డబ్బుండీ తిననివాడి మీద. మీ నాన్న ఏం చేశాడు? ఆ పీనాసి కోడిని పట్టుకొచ్చి చిలకలగూడలో ఒక గది ఇంట్లో వేలాడదీశాడు. డబ్బు లేక తినలేని రోజున పిల్లలు బిక్కముఖం వేయకుండా గట్టెక్కడానికి దాన్ని వాడుకున్నాడు. తన వేషానికి ఇలాంటి ఉపయోగం ఒకటుందని కోట గారికి తెలిసే అవకాశమే లేదు. జండూబామ్ డబ్బాలో వక్కపొడి పోసుకున్నట్టు, జనం తమకు దొరికిన కళను తమ అవసరానికి వాడుకుంటారు. నటుడు పోయినప్పుడు ఏడ్చేది ఆ వాడుకున్నదాని కోసం. 'విలక్షణ నటుడు' అని నువ్వు రాస్తే నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. 1978లో మొదటి సినిమా, 2015లో పద్మశ్రీ, 83 ఏళ్ల వయసు, అన్నీ ఆ పొద్దుటికే టీవీలో కింద పరుగెత్తుతున్నాయి. ఫ్యాను వైపు చూపించే మీ నాన్న వేలు మాత్రం ఏ చానల్ దగ్గరా లేదు.

పైగా ఆ రోజు చూడు. 2025 జులై 13, ఆదివారం, లష్కర్ బోనాలు. సికింద్రాబాద్ అంతా డప్పులు, పోతరాజులు, నెత్తిన బోనాలతో ఆడవాళ్లు. ఫిల్మ్‌నగర్‌లో కోట గారి ఇంటి ముందు మాత్రం వేరే గుంపు. ఒకే ఊరు రెండుగా ఉన్న రోజు. నువ్వు ఉన్నది సరిగ్గా మధ్యలో. నీ వ్యాసంలో ఒక్క డప్పు మోత లేదు!

ఇంకొకటి చెప్తాను, ఇది నేను చూసింది. సిరివెన్నెల గారు 2021 నవంబర్ 30న పోయారు. మర్నాడు పొద్దున ఫిల్మ్ ఛాంబర్‌లో ఉంచారు. నేను లైన్లో నిలబడ్డాను. ప్రెస్ వాళ్ల వైపు నుంచి వెళ్లొచ్చు, కానీ ఆ ఏటికి నేను రిటైరై కార్డు ఇచ్చేశాను. నా ముందు ఒకాయన, నలభై ఐదేళ్లుంటాయి, ఇస్త్రీ చేసిన గళ్ల చొక్కా. చంకలో రూళ్ల నోటుబుక్కు, పాతది, అట్టకు ఖాకీ కాగితం. లైన్ కదలనప్పుడల్లా తీసి ఒక పేజీ చూసుకుని మూసేస్తున్నాడు. భుజం మీంచి తొంగిచూశాను, తప్పే. పాటలు. నీలం సిరాతో, ముత్యాల్లాంటి రాత. రేడియోలో విని రాసుకున్నవి కాబోలు, మధ్యలో కొన్నిచోట్ల చుక్కలు పెట్టి వదిలేశాడు, వినపడని మాటలకు. ప్రతి పాట కింద బ్రాకెట్లో కవి పేరు. ఒకచోట 'వేటూరి' అని రాసి, తర్వాతెప్పుడో ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన 'సిరివెన్నెల' అని దిద్దుకున్నాడు. లోపలికి వెళ్లాక ఆయన ఏం చేస్తాడా అని చూశాను. ఏమీ చేయలేదు. దండం పెట్టాడు, పుస్తకం మళ్లీ చంకలో పెట్టుకుని బయటికొచ్చి బస్సు ఎటు దొరుకుతుందని కానిస్టేబుల్‌ని అడిగాడు. అంతే. ఆ ఎర్ర సిరా గీత మీద నాలుగేళ్లుగా రాయాలనుకుంటున్నాను, ఇంకా రాయలేదు. ఇవాళ నీ పుణ్యమా అని ఇంత రాశాను.

ఆ గీత నన్ను ఎందుకు పట్టుకుందో కూడా చెప్పాలి. వేటూరి గారు 2010 మే 22న పోయినప్పుడు పేపర్లో నివాళి రాసింది నేనే. రాత్రి వార్త రూఢి అయింది, కాసేపట్లో పేజీ వెళ్లిపోవాలి. జ్ఞాపకం మీద నమ్మకంతో గబగబా పది పాటలు ఉదహరించాను. అందులో ఒకటి ఆయనది కాదు. డెస్కులో ఎవరూ పట్టుకోలేదు. వారం తిరిగేలోగా పదిహేడు ఉత్తరాలు. ఒకటి పోస్టుకార్డు, నల్లగొండ జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచర్‌ది: "అయ్యా, వేల పాటలు రాసిన మహానుభావుడికి పరాయి సొమ్ము అంటగట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?" నాకు తిట్టు తగిలినట్టు లేదు, చెంపదెబ్బ తగిలినట్టుంది. ఇవాళైతే ఉత్తరాలు రావు. తప్పు పాటే వెయ్యి చోట్లకు వెళ్లి, ఏడాది తర్వాత అదే నిజమవుతుంది. పాట, సినిమా, ఏడాది, కవి. ఈ నాలుగూ క్యాసెట్ అట్టో టైటిల్ కార్డో చూశాకే రాయి.

ఇక ధర్మేంద్ర. నువ్వు పంపిన ఫైలు పేరులోనే తేదీ ఉంది. నవంబర్ 11. ఆయన పోయింది 24న.

ఆ 11వ తేదీన పోయారని పెద్ద పెద్దవాళ్లే పోస్టులు పెట్టారు, భార్యా కూతురూ బయటికొచ్చి బతికే ఉన్నారని చెప్పుకోవాల్సి వచ్చింది. అందరితో పాటు నువ్వూ తొందరపడ్డావు. ఇది కొత్తేం కాదు. కోట గారికే 2023 మార్చిలో ఇలా జరిగింది. బందోబస్తు కోసం పోలీసులు వ్యాన్‌లో ఇంటికి వచ్చారని, తాను బాగానే ఉన్నానని ఆయనే వీడియోలో చెప్పారు. ఆ వయసులో ఉలిక్కిపడి ఉంటే ఏమయ్యేదో. మరి రెండు నెలలకు, ఆస్పత్రిలో ఉన్న శరత్‌బాబు గారికి ముందే సంతాపాలు మొదలుపెట్టారు. ఇంట్లోవాళ్లు ఖండించారు. మే 22న ఆయన నిజంగానే పోయాక, చాలామంది పాత పోస్టునే మళ్లీ తీశారు.

మా డెస్కులోనూ పెద్దవాళ్ల జీవిత విశేషాలు ముందే రాసి పెట్టుకునేవాళ్లం, దాచేదేముంది. పుట్టిన ఊరు, సినిమాలు, అవార్డులు ముందే సర్దుకోవచ్చు. కానీ 'నా కళ్లు చెమర్చాయి' అన్న ముక్కను కూడా 11నే రాసి, 24న పంపావు చూడు, అది నాకు గుచ్చుకుంది. ఏ కన్నీళ్లు అవి? ఆ ముక్క తీసేసి పంపినా బాగుండేది.

మనం చేయగలిగింది ఒకటుంది. ఆలస్యం. వార్త చెప్పడానికి చానళ్లున్నాయి. నువ్వు మూడు రోజుల తర్వాత రాసినా కొంపలేం మునగవు. విశ్వనాథ్ గారు 2023 ఫిబ్రవరి 2న పోయారు. 'శంకరాభరణం' విడుదలైంది 1980 ఫిబ్రవరి 2. ఆ రాత్రి ఈ తేదీల ముచ్చట రాయని తెలుగువాడు లేడు, నాతో సహా. రెండు రోజులకు ఆ సినిమాలో పాడిన వాణీ జయరాం గారూ పోయారు. అప్పుడు నా చేతిలో మాటలేమీ మిగల్లేదు, అన్నీ గురువారమే ఖర్చు పెట్టేశాను.

ఎవరు పోస్టు పెట్టారు, ఎవరు పెట్టలేదు, ఎవరు శవం దగ్గర నవ్వారు అని లెక్కలు తీసే పని నీకొద్దు. దానికి వేరే మనుషులున్నారు, వాళ్లకు వేరే పనిలేదు.

గుంపును మాత్రం అంత తొందరగా తిట్టకు. అంతిమయాత్రల్లో పెద్ద హీరో కారు దిగితే ఈలలు పడతాయి, ఫోన్లు లేస్తాయి. నీ వ్యాసంలో దాన్ని 'సిగ్గుచేటు' అన్నావు. సరే, చూడటానికి బాగుండదు. కానీ 2022 నవంబర్ 16న, కృష్ణ గారిని పద్మాలయ స్టూడియోలో ఉంచినప్పుడు, ఈల వేసిన ఒక పెద్దాయన పక్కనే నేనున్నాను. అరవై దాటాయి. అభిమానులా అని అడిగితే, "కాదండీ, మాది రామారావు గారి బ్యాచ్" అన్నాడు. 1974లో 'అల్లూరి సీతారామరాజు' ఆడినప్పుడు హాలు బయట కృష్ణ ఫ్యాన్స్‌తో కొట్టుకుని చెయ్యి విరగ్గొట్టుకున్నాడట, మోచేయి చూపించాడు. మరెందుకొచ్చారు అన్నాను. "దెబ్బలాడుకోవడానికైనా ఎదుటోడు ఉండాలి కదండీ" అని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఈల వేసిన నోరే అది. ఇలాంటివాళ్లు టీవీ మైకు ముందు ఏమీ చెప్పరు, 'మా దేవుడండీ' అని ఊరుకుంటారు. మైకు పోయాక పక్కన నిలబడాలి. ఏమీ అడక్కుండా ఉంటే వాళ్లే చెప్తారు.

ఒక పని చెప్తాను, చేస్తావో లేదో నీ ఇష్టం. వచ్చే జనవరి 18కి రామారావు గారు పోయి 30 ఏళ్లు. తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డులో ఎన్టీఆర్ ఘాట్‌కి వెళ్లు. నాయకులు వచ్చి పూలు పెట్టి వెళ్లిపోతారు, వాళ్లను వదిలెయ్. తర్వాత వచ్చేవాళ్లను చూడు. 1996లో పుట్టని కుర్రాళ్లు కూడా వస్తారు. వాళ్లకు ఆయన ఎవరు, ఎవరు చెప్పారు, ఇంట్లో ఏ ఫోటో పక్కన ఆయన ఫోటో ఉంది, అది తెలుసుకో. పోయిన రోజు అందరూ ఏడుస్తారు. ముప్ఫై ఏళ్ల తర్వాత చలిలో స్కూటర్ వేసుకుని వచ్చేవాడిది ఏమిటో నాకింకా పూర్తిగా అంతుపట్టలేదు.

ఈలోపు కోట గారి నివాళి మళ్లీ రాయి. ఆరు నెలలు దాటబోతున్నాయి, ఇప్పుడెవరు చదువుతారని అనుకోకు. మీ నాన్నను కూర్చోబెట్టి అడుగు. ఆ సినిమా ఏ హాల్లో చూశాడు, ఎవరితో చూశాడు, అప్పటికి ఆయనకు ఎన్నేళ్లు. ఫ్యాను వైపు మొదటిసారి వేలు చూపించింది ఏ రోజు, ఆ రోజు ఇంట్లో బియ్యమైనా ఉన్నాయా. ఆయన నవ్వి తప్పించుకుంటే ఒత్తిడి చేయకు, మీ అమ్మను అడుగు. అమ్మలకు తేదీలు గుర్తుండవు గానీ ఆ పూట ఏం వండారో గుర్తుంటుంది. ఇంకోటి, బోనాల రోజు ఆ కూర చివరికి ఎవరు తిన్నారు? నీ మెసేజ్‌లో అది చెప్పలేదు. అప్పట్నుంచీ నాకు అదొక టెన్షన్.

ఆదివారం రా. నాలుగు దాటాక రా, అంతకుముందు వస్తే నిద్రలో ఉంటాను. త్యాగరాయ గానసభ పక్క గల్లీ, మందుల షాపు మీద రెండో అంతస్తు, లిఫ్ట్ పనిచేయడం లేదు. వీలైతే నాన్ననూ తీసుకురా. మా ఆవిడ పచ్చిపులుసు చేస్తానంటోంది. కోడి సంగతి ఆయనే చూసుకోవాలి.

ఆశీస్సులతో,
నీ సార్