టెక్ సందేహాలు: పెళ్లి సన్నాయిని ఫోను ఎందుకు గుర్తుపట్టలేదు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాటల గురించే. బ్యాటరీలు, ఛార్జర్ల ప్రశ్నలను వచ్చే వారానికి ఉంచి, ఈసారి చోటంతా పాటలకే ఇస్తున్నాను.

మా అమ్మాయి పెళ్లిలో సన్నాయి మేళం వారు వాయించిన ఒక కీర్తన మనసులో నిలిచిపోయింది. ఫోనులో రికార్డు చేసుకున్నాను. పాటలను గుర్తుపట్టే యాప్‌కు నాలుగుసార్లు వినిపించినా ఫలితం లేదనే వస్తోంది. అదే యాప్ హోటల్లో మోగే సినిమా పాటను క్షణాల్లో చెబుతుంది. లోపం నా ఫోనులో ఉందా? – ఒంగోలు పాఠకురాలు

మీ ఫోను బాగానే ఉందండీ. ఆ యాప్ వెతుకుతున్నది పాటను కాదు, రికార్డింగును. ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే చిక్కు వస్తోంది.

షాజమ్ లాంటి యాప్ తాను విన్న శబ్దాన్ని ముందు ఒక బొమ్మగా మారుస్తుంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్థాయి, అంటే స్వరం ఎంత ఎత్తులో ఉందో. ఏ క్షణంలో ఏ స్థాయి గట్టిగా మోగిందో అక్కడ ఒక చుక్క పెడుతుంది. సంక్రాంతి నాడు ముగ్గు వేసే ముందు వాకిట్లో పెట్టిన చుక్కలను తలచుకోండి. గీతలు ఇంకా కలపలేదు, చుక్కలు మాత్రమే ఉన్నాయి. తరువాత దగ్గర దగ్గర చుక్కలను జతలుగా తీసుకుని, మొదటి దాని స్థాయి, రెండో దాని స్థాయి, రెంటి మధ్య గడిచిన కాలం, ఈ మూడింటినీ కలిపి ఒక సంఖ్యగా రాసుకుంటుంది. కొన్ని సెకన్ల పాటలోనే ఇలాంటి జతలు వందల కొద్దీ దొరుకుతాయి. తన ఖజానాలోని ఏదో ఒక రికార్డింగులో అవే జతలు అదే వరుసలో కనిపిస్తే పేరు చెబుతుంది. హోటల్లో గ్లాసుల చప్పుడు, ఆర్డర్ల కేకలు కొత్త చుక్కలను చేరుస్తాయే కానీ పాట చుక్కలన్నిటినీ చెరపలేవు. అందుకే అంత గోలలోనూ సినిమా పాట దొరుకుతుంది. ఈ పద్ధతిని షాజమ్ స్థాపకుల్లో ఒకరైన ఏవరీ వాంగ్ 2003లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. అంతకు ముందు ఏడాదే బ్రిటన్‌లో ఈ సేవ మొదలైంది. అప్పటికి యాప్ లేదు. 2580 నంబరుకు ఫోను చేసి పాట వినిపిస్తే పేరు ఎస్సెమ్మెస్‌గా వచ్చేది.

ఇక మీ పెళ్లి మేళానికి వద్దాం. ఆ కీర్తన ఆ పూట, ఆ విద్వాంసుడి ఊపిరితో పుట్టింది. ఆయనే మరునాడు అదే కీర్తన వాయించినా సాగదీత ఒకచోట ఎక్కువ, విరుపు ఒకచోట తక్కువ అవుతాయి. చుక్కలు మారిపోతాయి. మీ ఊరి పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం విన్నారు కదా. ఆయన ఆల్బమ్‌లోని కీర్తన యాప్ ఖజానాలో ఉంటే దాన్ని గుర్తుపడుతుంది. అదే కీర్తనను ఈరోజు గుడిలో మరొకరు ఎంత గొప్పగా వాయించినా గుర్తుపట్టదు. కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకున్న విద్వాంసుడి సంగీతంలో కూడా యంత్రం చూసేది అచ్చయిన రికార్డింగు చుక్కలనే.

మీరు చేయదగిన పనులు రెండున్నాయి. రికార్డింగును రెండు మూడుసార్లు విని, పల్లవి భాగాన్ని మీరే కూనిరాగంగా తీసి గూగుల్ యాప్‌లోని పాటల వెతుకులాటకు వినిపించండి. డోలు మోత లేకుండా ఒక్క గొంతే ఉంటే దానికి సులువు. ఇది ఎలా పనిచేస్తుందో తరువాతి జవాబులో ఉంది. రెండోది ఇంకా మంచి మార్గం. పెళ్లికి మేళం మాట్లాడినప్పుడు వారి నంబరు తీసుకుని ఉంటారు. ఆ ముక్కను వాట్సాప్‌లో పంపి, ఏ కీర్తన, ఏ రాగం అని అడగండి. శ్రద్ధగా విన్నవారు ఒకరున్నారని తెలిస్తే ఆ విద్వాంసుడు ఎంత సంతోషిస్తారో చూడండి.

నాట్లు వేసేటప్పుడు మా నాయనమ్మ పాడే పాట వరుస గుర్తుంది, మాటలు గుర్తులేవు. కూనిరాగంతో పాటను పట్టుకోవచ్చంటున్నారు, నిజమేనా? – కావలి పాఠకుడు

నిజమే. గూగుల్ 2020 అక్టోబరులో ఈ సదుపాయాన్ని తెచ్చింది. యాప్‌లో మైకు గుర్తు నొక్కి, పాటను వెతికే బటన్ ఎంచుకుని, పది పదిహేను సెకన్లు ఆపకుండా వరుస తీయాలి. శ్రుతి సరిగా లేకపోయినా ఫరవాలేదు.

ఎందుకు ఫరవాలేదంటే, ఇక్కడ చూసేది స్వరం ఎత్తును కాదు, స్వరం నడకను. డెనిస్ పార్సన్స్ అనే ఆయన 1975లో, కంప్యూటర్ ప్రసక్తి లేకుండా, పాటలను వరుసను బట్టి వెతుక్కునే ఒక నిఘంటువు అచ్చువేశారు. అందులోని కిటుకు చాలా చిన్నది. ముందటి స్వరం కంటే ఇది పైకి వెళ్లిందా, కిందికి దిగిందా, అక్కడే ఉందా, అంతే. ‘సరిగగరిస’ అంటే పైకి, పైకి, అక్కడే, కిందికి, కిందికి. మీరు ఏ శ్రుతిలో పాడినా ఈ వరుస మారదు. 1995లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే ఆలోచనతో కూనిరాగం విని పాటను వెతికే కంప్యూటర్ పద్ధతిని ప్రకటించారు. ఇప్పటి యాప్‌లు ఇంతకన్నా సూక్ష్మంగా చూస్తాయి. వాద్యాలను, గొంతు తీరును పక్కనపెట్టి వరుసను మాత్రమే అంకెల గొలుసుగా మార్చి పోలుస్తాయి.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. నాయనమ్మ గారి పాట ఎవరూ రికార్డు చేయని నాట్ల పాట అయితే ఏ యాప్ కూడా దాన్ని చూపలేదు. దానికి పోల్చుకోవడానికి రెండో ప్రతి లేదు. అప్పుడు మీరు తీసిన ఆ కూనిరాగమే మొదటి రికార్డింగు అవుతుంది. దాన్ని దాచి, మీ మేనత్తలకు పంపండి. వరుస వింటే మాటలు వారి నోటికి వాటంతట అవే రావచ్చు. ఈ పని వాయిదా వేయకండి.

మూలాపేటలో పిల్లలకు సంగీతం నేర్పుతున్నాను. రాగం పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. పిల్లలు వాటిని చూపించి నాతో వాదిస్తున్నారు. వాటిని నమ్మవచ్చా? – నెల్లూరు ఉపాధ్యాయురాలు

పిల్లలు వాదిస్తున్నారంటే వింటున్నారన్నమాట. అది మంచిదే. కానీ రాగ నిర్ణయాన్ని యాప్‌కు వదలకండి.

యంత్రానికి మొదటి అడ్డంకి షడ్జమం, అంటే పాటకు ఆధారమైన ‘స’ స్వరం. హార్మోనియం మెట్ల లెక్కన మగవారు ఒకటి శ్రుతిలోనో ఒకటిన్నరలోనో పాడితే, ఆడవారు ఐదులోనో ఐదున్నరలోనో పాడతారు. ఒకే కీర్తనకు కంప్యూటర్ చూసే అంకెలు వేరువేరు. కాబట్టి ముందు ‘స’ ఎక్కడుందో పట్టుకోవాలి. తంబురా నాదం వెనక వినిపిస్తుంటే ఆ పని చాలావరకు తేలిక. చిన్నపిల్లలు ఫోను ముందు తంబురా లేకుండా పాడినప్పుడు యాప్ తప్పు చెప్పడానికి ఎక్కువ సందర్భాల్లో ఇదే కారణం. షడ్జమం తప్పితే మిగిలిన స్వరాలన్నీ తప్పుతాయి.

రెండో అడ్డంకి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం. తోడి రాగంలో గాంధారం (గ) ఒకచోట నిలబడదని మీకు నేను చెప్పనక్కరలేదు. రిషభానికీ (రి) మధ్యమానికీ (మ) మధ్య ఊగుతూ ఉంటుంది. సప్తకాన్ని పన్నెండు గదులుగా కోసి, ఏ గదిలో ఎంతసేపు ఉన్నారని లెక్కవేసే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఊపు మూడు గదుల్లో చెదిరిన స్వరంలా కనిపిస్తుంది. మూడోది ఇంకా కఠినం. ఆరభి, దేవగాంధారి రాగాలు తీసుకోండి. ఆరోహణ అవరోహణల్లో, అంటే ఎక్కే, దిగే వరుసల్లో, రెంటి స్వరాలూ ఒకటే. స్వరాలను లెక్కబెట్టే యంత్రం వాటిని ఎన్నటికీ విడదీయలేదు. నడక, నిలిచే చోటు, ఆ రాగానికే చెందిన పలుకు తెలియాలి. మీ దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకునే పిల్లలకు వచ్చేది అదే.

ఈ చిక్కులను పరిశోధకులు పట్టించుకోలేదని కాదు. బార్సిలోనాలోని పాంపేవ్ ఫాబ్రా విశ్వవిద్యాలయంలో షావియర్ సెర్రా నాయకత్వంలో 2011లో కాంప్‌మ్యూజిక్ అనే ప్రాజెక్టు మొదలైంది. పాశ్చాత్య సంగీతం కోసం చేసిన కొలబద్దలు అన్ని సంగీతాలకూ సరిపోవన్నది దాని పునాది. కర్ణాటక, హిందుస్తానీ, తుర్కీ సంగీతాలు అందులో ఉన్నాయి. మద్రాసు ఐఐటీ కూడా పాలుపంచుకుంది. షడ్జమాన్ని కనిపెట్టడం, రాగంలో మళ్లీ మళ్లీ వచ్చే పలుకులను పట్టడం మీద అక్కడ గట్టి పని జరిగింది.

మీ తరగతికి నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో తయారైంది. స్వరాన్ని వెంబడించే చిన్న అనుబంధ ప్రోగ్రామ్ ఒకటి దానికి చేర్చుకుంటే, పాడిన గొంతు తెర మీద ఒక గీతగా కనిపిస్తుంది. మీరు పాడిన తోడి గాంధారాన్ని, పిల్లలు పాడినదాన్ని పక్కపక్కన పెట్టి చూపించండి. ఎక్కడ ఊపు తగ్గిందో, ఎక్కడ నేరుగా దూకేశారో కళ్లకు కడుతుంది. రాగం పేరు మీద పెట్టుకునే వాదన కంటే ఈ గీత మీద పెట్టుకునే వాదన వారికి ఎక్కువ నేర్పుతుంది.

నా ఫోనులో మనవరాలు పిల్లల పాటలు వింటుంది. ఇప్పుడు నాకు కూడా రోజంతా అవే సూచిస్తోంది. – పొదిలి పాఠకుడు

ముందు మందు, తరువాత రోగం గురించి. యూట్యూబ్‌లో హిస్టరీలోకి వెళ్లి పిల్లల పాటలను తొలగించండి. పాపకు ఫోను ఇచ్చే ముందు హిస్టరీని నిలిపివేయండి, లేదా యూట్యూబ్ కిడ్స్ విడిగా పెట్టండి. స్పాటిఫైలో అయితే ప్రైవేట్ సెషన్ పెట్టి ఇవ్వండి. పిల్లల పాటల ప్లేలిస్టు ఉంటే, దాన్ని మీ అభిరుచి లెక్కలోంచి మినహాయించే ఆప్షన్ కూడా ఉంది. కొద్ది వారాల్లో సర్దుకుంటుంది.

ఇలా ఎందుకవుతుందంటే, సూచించే యంత్రానికి మీరెవరో తెలియదు, ఏం విన్నారో మాత్రమే తెలుసు. కిరాణా కొట్టులో చాలామంది నువ్వులతో పాటు బెల్లం కొంటున్నారని గమనించిన శెట్టిగారు, మీరు నువ్వులు అడగగానే బెల్లం కూడా కట్టమంటారా అంటారు. మీలాగే విన్న ఇతరులు ఇంకేం విన్నారు అన్నదే ప్రధానమైన లెక్క. దీనికి తోడు పాట వేగం, నాదం తీరు వంటివి శబ్దంలోంచే కొలిచే పద్ధతులూ వాడతారు. అలాంటి కొలతల్లో పేరుపొందిన ఎకో నెస్ట్ సంస్థను స్పాటిఫై 2014లో కొన్నది.

ఈ లెక్కలో నాకు బాధ కలిగించే అన్యాయం ఒకటుంది. ఇప్పటికే ఎక్కువమంది విన్నదే మరింతమందికి వెళుతుంది. ఎవరూ వినని పాట ఎవరి పక్కనా కూర్చోలేదు. హరికథ, బుర్రకథ, నాదస్వరం మీకు సూచనల్లో కనబడవంటే వాటిని ఇష్టపడేవారు లేరని అర్థం కాదు. నెలకోసారైనా మీరే పేరు టైపు చేసి వెతికి, చివరిదాకా వినండి. మీ లెక్కా మారుతుంది, ఆ పాట లెక్కా మారుతుంది.

మా తాతగారు హరికథలు చెప్పేవారు. ఇంట్లో 22 క్యాసెట్లు మిగిలాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, తరువాత పేరుతో వెతికితే దొరకాలి. కొన్నింటి మీద ఏమీ రాసిలేదు. – కందుకూరు పాఠకుడు

మీ ఉత్తరం చదివి ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను. మా ఇంట్లో ఇలాంటివి బీరువా అడుగున తేమకు పాడైపోయాయి. మీరు ఆ పొరపాటు చేయకుండా ఈ నెలలోనే మొదలుపెట్టండి.

పనిచేసే టేప్ రికార్డరు సంపాదించి, అందులో టేపు తగిలే భాగమైన హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. ప్రతి క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చాకే వాయించండి. ఇయర్‌ఫోను రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు తీగ కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయండి. ల్యాప్‌టాప్‌కు లైన్ ఇన్ లేకపోతే చిన్న యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ కావాలి. సెకనుకు 44,100 నమూనాల చొప్పున, వేవ్ ఫైలుగా తీసుకోండి. నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది. గంట క్యాసెట్‌కు 600 ఎంబీ. చోటు తక్కువైతే తరువాత ఫ్లాక్ అనే చిన్న ఫైలు రకంగా మార్చుకోవచ్చు, నాణ్యత ఏమాత్రం తగ్గదు. ఎమ్‌పీత్రీ ప్రతి వాట్సాప్‌లో పంపడానికి మాత్రమే.

పాత రికార్డర్లు వేగం తప్పుతాయి. వేగం నూటికి ఆరు పాళ్లు పెరిగితే చాలు, ఒకటి శ్రుతి ఒకటిన్నర అయిపోతుంది, తాతగారి గొంతు సన్నబడుతుంది. ఆయన ఏ శ్రుతిలో చెప్పేవారో ఇంట్లో ఎవరికైనా తెలిస్తే హార్మోనియంతో పోల్చి, ఆడాసిటీలో వేగాన్ని సరిచేయండి. సరిచేయని అసలు ప్రతిని మాత్రం అలాగే ఉంచండి.

ఇక వెతుకులాట. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ వంటి ప్రోగ్రామ్‌లు ఫైలును విని పేరు పెడతాయి కానీ, అది విడుదలైన ఆల్బమ్‌లకే. మీ క్యాసెట్లకు పేరు మీరే పెట్టాలి. ఫైలు లోపలి వివరాల్లో కథ పేరు, తాతగారి పేరు, ఊరు, సందర్భం, సంవత్సరం, పక్కవాద్యాల వారి పేర్లు తెలుగు లిపిలో రాయండి. వ్యాఖ్య అనే గడిలో అవే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనూ చేర్చండి, రెండు మూడు రకాలుగా. త్యాగరాజు పేరునే కొందరు మొదటి అక్షరం పక్కన హెచ్ పెట్టి రాస్తారు, కొందరు పెట్టరు. ఒకటి రాసి ఇంకొకటి వెతికితే ఫైలు ఉండీ లేనట్టే. స్వామివారి ఇంటిపేరు కాకర్ల మన కంభం దగ్గరి ఊరి నుంచే వచ్చిందంటారు. అయినా ఇంగ్లీషులో ఆయన పేరు ఒక తీరుగా రాయడం మనకు కుదరలేదు.

ఏమీ రాసిలేని క్యాసెట్ల విషయంలో, ఒక్కోదాన్లోంచి రెండు నిమిషాల ముక్క తీసి, ఆ రోజుల్లో కథలకు వెళ్లిన పెద్దవారి దగ్గరకు మీరే వెళ్లి వినిపించండి. ఇది ఫలానా ఊరి తిరునాళ్లది, మృదంగం ఫలానా వారిది అని వారు చెబుతున్నప్పుడు మీ ఫోనులో రికార్డు నడుస్తూ ఉండాలి. ఆ మాటల ఫైలుకు కూడా అదే క్యాసెట్ సంఖ్య ఇచ్చి, అదే ఫోల్డర్‌లో పక్కన పెట్టండి.