కొత్త ఇంట్లో కొత్త నేల ఉబ్బితే ఎవరిని అడగాలి?

ప్రశ్న: అక్కా, మేము ఇంగ్లండ్ వచ్చి మూడేళ్ళయింది. నిరుడు మిల్టన్ కీన్స్‌లో కొత్తగా కట్టిన ఇల్లు కొన్నాం. నవంబరులో కింది అంతస్తు అంతా లామినేట్ పలకల నేల వేయించాం. సరుకుకు దుకాణంలో 2,100 పౌండ్లు, వేసిన ఫిట్టర్‌కు 700 పౌండ్లు ఇచ్చాం. నాలుగు నెలలు తిరగకుండానే పలకల అంచులు పైకి లేచాయి. నడిస్తే కిర్రుమంటున్నాయి. దుకాణం వాళ్ళు తమ సరుకులో తప్పు లేదని, మా ఇంట్లోనే తేమ ఉందని అంటున్నారు. ఫిట్టర్ ఫోను తీయడం లేదు. దుకాణానికి అడ్వాన్సు 300 పౌండ్లు క్రెడిట్ కార్డుతోనూ, మిగిలింది బ్యాంకు ద్వారానూ కట్టాం. ఫిట్టర్‌కు నగదు ఇచ్చాం. ఈ డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో నా కళ్ళు మొదట వెతికింది పలకల సంగతి కాదు, డబ్బు ఇచ్చిన తీరు. అడ్వాన్సు క్రెడిట్ కార్డుతో కట్టామన్న మాట చూసి ఊపిరి పీల్చుకున్నాను. ఫిట్టర్‌కు నగదు ఇచ్చామన్న దగ్గర ఉసూరుమన్నాను. సరిగ్గా ఆ తప్పే నేనూ చేశాను. అది నాకు రెండు లక్షల రూపాయలు ఖరీదు చేసింది. కొత్తగా వచ్చిన మీబోటి వాళ్ళు అది మళ్ళీ చేయకూడదని కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మేము 2006లో వచ్చాం. ఏడేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపి 2013లో రెడింగ్‌లో సొంత ఇల్లు కొన్నాం. తెనాలిలో నేను పుట్టి పెరిగిన ఇంట్లో కడప బండలు. శుక్రవారం పొద్దున నాలుగు బకెట్ల నీళ్ళు గుమ్మరించి చీపురుతో తోస్తే అద్దంలా మెరిసేవి. నేల అంటే నాకు తెలిసింది అదే. ఇక్కడి లామినేట్ పలక చూడటానికి టేకు చెక్కలా ఉంటుంది కానీ, లోపల ఉండేది చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన అట్ట. దాని మీద చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం, ఆపైన గట్టి పూత. పలకలు కలిసే చోట నీరు లోపలికి దిగితే ఆ అట్ట ఉబ్బుతుంది, ఆరినా మళ్ళీ మునుపటిలా కాదు. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా అడగలేదు.

ఆగస్టులో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాం. పాలు పొంగించే నాటికి నేల పూర్తి కావాలని నా పట్టుదల. సరుకు 1,450 పౌండ్లు. దుకాణం వాళ్ళు ఒక ఫిట్టర్ నంబరు ఇచ్చి, కూలి సంగతి ఆయనతోనే మాట్లాడుకోమన్నారు. ఆయన 700 అడిగాడు. నగదు ఇస్తే 600కే చేస్తానని, రసీదు మాత్రం ఉండదని అన్నాడు. పౌండు వంద రూపాయలు దాటిన రోజులవి. పదివేలు మిగిల్చానని ఆ రాత్రి అమ్మకు ఫోనులో గొప్పగా చెప్పాను.

పలకల పెట్టెలను కనీసం 48 గంటలు అదే గదిలో ఉంచి, ఆ ఇంటి గాలికి అలవాటు పడనిచ్చాకే పరచాలని పెట్టెల మీదే రాసి ఉంది. ముహూర్తం ముంచుకొస్తోందని తెచ్చిన రోజే వేయించాను. గోడ వారగా సుమారు 10 మిల్లీమీటర్ల సందు వదలాలి, వేసవిలో చెక్క సాగడానికి ఆ చోటు కావాలి. ఆ సందు చూడటానికి బాగాలేదని, గోడకు ఆనించి వేయమని నేనే అన్నాను. ఆయన మారుమాట లేకుండా వేశాడు. పని తెలిసినవాడు అలా వేయకూడదని చెప్పి ఉండాల్సింది. చట్టం పనివాడి నుంచి కోరేది కూడా అదే, తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో పని చేయడం. ఇంటావిడ అడిగిందని తప్పు చేసి పెట్టడం నైపుణ్యం కాదు. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

డిసెంబరు నాటికి హాల్లో రెండు వరుసలు గుడారంలా పైకి లేచాయి. దుకాణం నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు. మర్యాదస్తుడు. టీ ఇచ్చాను. మాటల మధ్యలో, ఈ నేలను ఎలా శుభ్రం చేస్తారని అడిగాడు. మన ఇళ్ళలో శుభ్రత గురించి చెప్పుకోవడం గౌరవం కదా, ప్రతి శుక్రవారం బకెట్టు నీళ్ళతో తుడుస్తానని చెప్పాను. ఆయన రాసుకున్నాడు. వారం తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. నేల వాడకంలో నీటివల్ల చెడిందట, వాళ్ళకు బాధ్యత లేదట. ఆయన తేమ కొలవలేదు, గోడ వార సందు చూడలేదు. నా నోటి మాట ఒక్కటే సాక్ష్యమైపోయింది. ఫిట్టర్‌ను అడిగితే, మీరు నాకు డబ్బు ఇచ్చినట్టు ఏమైనా ఉందా అని ఎదురు ప్రశ్న వేశాడు.

మొత్తం 2,050 పౌండ్లు. అందులో సగం అమ్మ కంటి శుక్లాల ఆపరేషను కోసం దాచింది. మూడేళ్ళు ఆ ఉబ్బు మీద తివాచీ పరిచి గడిపాం. 2015లో అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ అంచు కాలికి తగిలి పడింది, మణికట్టు బెణికింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మర్నాటి నుంచి ఈ దేశపు వినియోగదారుల చట్టాలను ఇంటర్నెట్‌లో వెతికి చదవడం మొదలుపెట్టాను. అప్పటి పాత చట్టాల్లో కూడా నాకు హక్కులు ఉన్నాయని, అడగడం తెలియక పోగొట్టుకున్నానని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు మీ సంగతి. 2015 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల హక్కుల చట్టం మీకు వర్తిస్తుంది. సరుకు నాణ్యంగా ఉండాలి, పని నైపుణ్యంతో జరగాలి. సరుకు తిప్పి ఇచ్చి మొత్తం డబ్బు అడిగే 30 రోజుల గడువు మీకు దాటింది. కానీ బాగు చేయమనో, మార్చమనో అడిగే హక్కు ఉంది. ఆ ఒక్క ప్రయత్నమూ విఫలమైతే ధర తగ్గించమనవచ్చు, లేదా సరుకు తిప్పి ఇవ్వవచ్చు. ఆరు నెలల లోపల బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నదే అని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించాల్సింది దుకాణం. మీరు నవంబరులో వేయించారు, కాబట్టి మే నెల రాకముందే లోపం వివరంగా రాసి ఉత్తరం పంపండి. ఫోనులో చెప్పింది లెక్కలోకి రాదనుకోండి. మిగతా వివరాలు ప్రభుత్వ వెబ్‌సైటులోనూ, సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ దగ్గరా ఉచితంగా దొరుకుతాయి, అక్కడ చూసుకోండి.

మీరు అన్నిటికంటే ముందు వెతకవలసింది కాగితం. దుకాణం ఇచ్చిన కొటేషన్లో, బిల్లులో ఫిట్టింగ్ అన్న మాట ఉందా? ఉంటే ఫిట్టర్ ఎవరైనా సరే, బాధ్యత దుకాణానిదే. పని సరిగ్గా లేకపోతే సరుకు సరిగ్గా లేనట్టే చట్టం లెక్కకడుతుంది. ఆ మాట లేకుండా నంబరు మాత్రం ఇచ్చి, కూలి మీరే మాట్లాడుకోండి అని ఉంటే, సరుకు ఒప్పందం వేరు, పని ఒప్పందం వేరు. అప్పుడు ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. మధ్యలో మీ డబ్బు ఆగిపోతుంది. నాకు జరిగింది ఇదే. మీ తరానికి ఫోనులో అన్నీ దొరుకుతాయి కానీ, బిల్లు రెండో పేజీ చదివే ఓపిక తక్కువ. చదవండి.

ఇక తేమ. కొత్త ఇళ్ళలో కాంక్రీటు మీద స్క్రీడ్ అని ఒక సిమెంటు పొర వేస్తారు. అది మంచి వాతావరణంలో రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఆరుతుంది. అంటే 50 మిల్లీమీటర్ల పొరకు యాభై రోజులు, అంతకంటే మందమైతే ఇంకా ఎక్కువ. అందుకే నేల వేసే ముందు హైగ్రోమీటరు పెట్టెను స్క్రీడ్ మీద మూసిపెట్టి తేమ కొలవాలి. ఇక్కడి ప్రమాణాల ప్రకారం ఆ పెట్టెలోని గాలి తేమ సాధారణంగా 75 శాతం దాటకూడదు, అసలు చెక్క నేలకైతే ఇంకా తక్కువ ఉండాలి. ఇంట్లో తేమ ఉందని దుకాణం అంటే, మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: వేసే ముందు కొలిచారా, కొలిస్తే ఆ అంకె ఎక్కడ రాశారు? కొలవకుండా వేయడం వేసినవారి తప్పు. తేమ నిజంగా కట్టడం లోపం వల్ల వస్తోందని తేలితే ఇల్లు కట్టినవాళ్ళను అడగాలి. కొత్త ఇళ్ళకు ఇక్కడ సాధారణంగా మొదటి రెండేళ్ళు బిల్డరు మీదే బాధ్యత ఉంటుంది, ఆ వారంటీ కాగితాలు కూడా తీసి పెట్టుకోండి.

మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం ఆ 300 పౌండ్ల కార్డు చెల్లింపు. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 ప్రకారం, ధర 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ఉన్న వస్తువుకు కొంత క్రెడిట్ కార్డుతో కట్టినా చాలు, మొత్తం ధరకు కార్డు కంపెనీ దుకాణంతో పాటు సమానంగా బాధ్యత వహిస్తుంది. ఇది వినికిడి మాట కాదు, నా అనుభవం. 2019లో మెట్లకూ పై అంతస్తుకూ 1,680 పౌండ్లతో కార్పెట్ వేయించాను. ఈసారి సరుకూ పనీ ఒకే బిల్లులో రాయించుకున్నాను. అడ్వాన్సు 120 పౌండ్లు కార్డుతో కట్టాను. రెండు నెలలకు మెట్ల మలుపు దగ్గర అతుకు విడిపోయింది. వచ్చే వారం, వచ్చే వారం అంటూ దుకాణం మూతపడింది. కార్డు కంపెనీకి ఫోటోలు, బిల్లు, మరో ఫిట్టర్ రాసి ఇచ్చిన అంచనా పంపాను. మొదట కాదన్నారు. కాదంటే ఇలాంటి తగవులు తీర్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్తానని రాశాను. తిరిగి వేయించడానికి అయిన 430 పౌండ్లు నా ఖాతాలో పడ్డాయి. నలభై వేల రూపాయలు అమ్మా, మన కష్టార్జితం. ఆ రోజు తెనాలి ఫోను చేసి చెప్పాను, ఈసారి గొప్పకు కాదు.

కాబట్టి ముందు దుకాణానికి రాయండి, బాగు చేయడానికి 14 రోజుల గడువు ఇవ్వండి. స్పందన లేకపోతే కార్డు కంపెనీకి రాయండి. సరుకే చెడ్డదని తేలితే తిరిగి వేయించే కూలిని కూడా నష్టంగా అడగవచ్చు, అది మరిచిపోకండి. మరో నిపుణుడి చేత తనిఖీ చేయించి నివేదిక తీసుకుంటే మంచిది. దానికి డబ్బు అవుతుందని నాకూ బాధే, కానీ ఆ రసీదును కూడా నష్టంలో కలిపి అడగండి. కోర్టుకు వెళ్ళక తప్పకపోతే ఇంగ్లండ్‌లో 10,000 పౌండ్ల లోపు దావాలకు చిన్న దావాల పద్ధతి ఉంది, లాయరు అక్కర్లేదు.

అప్పటివరకు పలకలు పీకవద్దు, అవే మీ సాక్ష్యం. లేచిన అంచు పక్కన స్కేలు పెట్టి, తేదీ కనబడేలా ఫోటోలు తీయండి. ఎవరైనా చూడటానికి వస్తే ఎలా తుడుస్తారని అడుగుతారు. అబద్ధం చెప్పమని నేను అనను. బాగా పిండిన గుడ్డతో తుడుస్తున్నారా, తడి మాపు వాడుతున్నారా, ఉన్నది ఉన్నట్టు రాతలో ఇవ్వండి. దాంతోపాటు, తేమ కొలిచి ఆ అంకె మీకు కూడా రాసి ఇవ్వమని అడగండి.

ఫిట్టర్‌కు ఇచ్చిన 700 పౌండ్ల విషయంలో ఈ రోజే ఒక పని చేయండి. ఫలానా తేదీన మీకు 700 పౌండ్లు నగదు ఇచ్చాను, నేల పైకి లేచింది, ఎప్పుడు వచ్చి చూస్తారు అని ఆయనకు ఫోనులో సందేశం పంపండి. డబ్బు కాదనకుండా ఏ జవాబు ఇచ్చినా అది మీకు రసీదు లాంటిదే. ఆ నగదు మెషిన్లో తీసిన రోజు బ్యాంకు స్టేట్‌మెంటు కూడా వెతికి, ఆ సందేశంతో పాటు భద్రంగా దాచుకోండి.